శనివారం పాన్‌కేక్ బ్రేక్‌ఫాస్ట్: ఇంకా ఎవరూ తీసుకోని పనులు

పద్మ (గురువారం రాత్రి 8:10)
అందరికీ నమస్కారం. ఎల్లుండి పొద్దున 9 గంటలకే అసోసియేషన్ బ్రేక్‌ఫాస్ట్. ఇప్పటికి 120 మంది పేర్లిచ్చారు. కుర్చీలు సర్దడం, పేర్ల బ్యాడ్జీలు, మైకు, పిల్లల ఆటలు, చివర్లో చెత్త సంచులు: వీటికి ఇంకా ఎవరూ లేరు. ఎవరు ఏది చేస్తారో రేపు సాయంత్రంలోగా ఇక్కడే రాయండి. పోయినసారిలా నాతో ఇంటింటికీ ఫోన్లు చేయించకండి.

శ్రీను (8:22)
బ్యాడ్జీలు నావి.

కిరణ్ (8:41)
అక్కా, బ్యాడ్జీల సంగతి తర్వాత. వంటగది కూడా వాడితే డిపాజిట్ రెట్టింపని హాలువాళ్లు ఇవాళ మధ్యాహ్నం మెయిల్ పెట్టారు. కట్టకపోతే తాళాలు ఇవ్వరట. కట్టేశాను. తిరిగి వస్తుంది కానీ వచ్చే వారం. ఈలోగా సిరప్పులకు పక్కన పెట్టిన డబ్బు దాంట్లోకే పోయింది. ఉన్నదాంతో మేపుల్ సిరప్ రెండు లీటర్లు వస్తుంది, అంతే. మనిషికి 60 మి.లీ. వేసుకున్నా ఏడు లీటర్ల పైమాటే.

సుధ (8:47)
ఫ్లయర్ మీద ‘అసలైన మేపుల్ సిరప్’ అని ఇంతింత అక్షరాలు వేశాం కదా!

కిరణ్ (8:50)
అయితే ఏం చేద్దాం? ‘పాన్‌కేక్ సిరప్’ అని అమ్మేది చవకగా వస్తుంది. అదే పోద్దాం. పిల్లలకు తేడా ఏం తెలుస్తుంది?

సుధ (8:58)
బాగా తెలుస్తుంది. అది ఎక్కువగా మొక్కజొన్న సిరప్‌కు రంగూ వాసనా కలిపినది. మేపుల్ అంటే చెట్టు నుంచి కారే నీరు, సుమారు 40 లీటర్లు మరిగిస్తే ఒక్క లీటరు దిగుతుంది. రెండూ పక్కపక్కన పోసి చూడు. అది పాన్‌కేక్ మీద జిగురులా కూర్చుంటుంది, మేపుల్ పల్చగా లోపలికి ఇంకిపోతుంది. ఆ పేరు చెప్పి ఇది పోస్తే మోసమే.

కిరణ్ (9:03)
మోసమా? డిపాజిట్‌లో సగం నా కార్డు మీద కట్టాను. ఇంకోసారి లెక్కలు మీరే చూసుకోండి.

లక్ష్మి (9:20)
పిల్లలూ, కాసిని మంచినీళ్లు తాగండి. పోయినేడు మిగిలిన తేనె బకెట్ మా గ్యారేజీలో ఉంది, 5 కిలోలది, మూత కూడా తీయలేదు. ఇప్పుడే చూస్తే రాయిలా గడ్డకట్టింది. పాడైపోయిందంటావా రవీ, పారేయనా?

రవి (9:26)
వద్దాంటీ, పారేయకండి! గడ్డకడితే పాడైనట్టు కాదు, అందులోని గ్లూకోజ్ పలుకులు కడుతుంది, అంతే. చెయ్యి పెట్టి ఓర్చుకోగలిగేంత వేడి నీళ్లు, 40 డిగ్రీల దగ్గర, పెద్ద టబ్బులో పోసి బకెట్ అందులో పెట్టండి. చల్లారితే నీళ్లు మార్చండి. మైక్రోవేవ్ మాత్రం వద్దు. ఒక పక్క ఉడికిపోతుంది, ఇంకో పక్క గడ్డలాగే ఉంటుంది, వాసనా పోతుంది. కరిగితే మూడున్నర లీటర్లు వస్తుంది.

పద్మ (9:31)
తేనె దగ్గర ఒక కార్డు పెట్టాలి. ఏడాది నిండని పిల్లలకు చెంచా కూడా నాకించకూడదు, బొటులిజం అనే ప్రమాదకరమైన జబ్బు భయం. పోయినసారి ఒక తాతగారు మనవడి నోట్లో పెట్టబోతే పరిగెత్తాల్సొచ్చింది. వీగన్‌వాళ్లు కూడా రెండు కుటుంబాలు వస్తున్నారు, వాళ్లు తేనె తినరు.

కిరణ్ (9:38)
రెండూ మూడున్నరా, అయిదున్నర. ఇంకా రెండు లీటర్లు తక్కువే.

లక్ష్మి (9:49)
దానికేముంది, పాకం పడదాం. రెండు కిలోల పంచదారకు లీటరు నీళ్లు. తీగ పాకం దాకా పోనివ్వకూడదు, పోతే సీసాలోంచి రాదు. వేళ్ల మధ్య జిగురు తగలగానే దించేయాలి. దించేముందు నిమ్మరసం పిండితే చల్లారాక పలుకులు కట్టదు. సగంలో దాల్చినచెక్క, సగంలో నారింజ తొక్క. రెండు లీటర్లు నిక్షేపంగా వస్తుంది. పంచదార నేను ఇస్తాను, దానికి లెక్క రాయకు.

సుధ (10:05)
సరే. మేపుల్ అందరి ప్లేట్లలోకీ పోయొద్దు, వేరే బల్ల మీద పెట్టి చిన్న చెంచాలతో ఇద్దాం. కిరణ్, కొనేటప్పుడు ముదురు రంగుది తీసుకో. సీజన్ చివర్లో తీసిన నీటిది రంగూ రుచీ గట్టిగా ఉంటుంది, కొంచెమే అయినా నాలుకకు తెలుస్తుంది. ఫ్లయర్ ఈ రాత్రికే దిద్దుతాను: ‘మేపుల్ రుచి, తేనె, ఇంటి పాకం’. ఇందాకటి మాట కాస్త ఎక్కువైంది.

కిరణ్ (10:11)
నాదీ అంతేలే. ముదురుదే తెస్తాను.

రవి (శుక్రవారం సాయంత్రం 6:15)
స్టోర్‌రూమ్‌లో పోయినేడు తెరిచిన మేపుల్ సీసా ఒకటి దొరికింది. సంబరపడి మూత తీశాను, పైన తెల్లటి పొర, మూత లోపల కూడా బూజు. తెరిచాక ఫ్రిజ్‌లో పెట్టాల్సింది ఎవరో అలమారలో పెట్టారు. ఎవరో అడగను. పారేశాను.

లక్ష్మి (7:40)
నాలుగుసార్లు నీళ్లు మార్చాను. అంచులన్నీ కరిగాయి, మధ్యలో ముద్ద మాత్రం ఇంకా గరిటెకు తగులుతోంది. ఆ ముద్ద కొంచెం తీసి రొట్టె మీద రాసుకున్నాను, వెన్నలా ఉంది. ఒక గిన్నెడు అలాగే ఉంచేస్తున్నా, ఎవరూ కరిగించకండి.

శ్రీను (8:55)
చిన్న సంగతి. బ్యాడ్జీల కోసం తెచ్చిన స్టిక్కర్ కాగితమంతా సీసాల లేబుళ్లకు అయిపోయింది. ‘ఏడాది లోపు పిల్లలకు వద్దు’ అని ఎర్రగా పన్నెండు కొట్టాను. బాగా వచ్చాయి.

పద్మ (9:02)
పోనీలే, ఒకరి పేర్లు ఒకరికి తెలియనివాళ్లు ఎవరున్నారు. నేనూ పాకానికే వచ్చేస్తున్నాను ఆంటీ. నా దగ్గర నిమ్మకాయలు నాలుగే ఉన్నాయి, చాలతాయా?

లక్ష్మి (9:04)
ఒకటి చాలు. పెద్ద గరిటె తే, నాది తేనెలో ఉంది.