పాట మొదట్లో బాగానే ఉంది, రెండో చరణానికి పెదాలు వెనకబడుతున్నాయి

బెజవాడ_బేస్:
రాత్రి పదింటికి కూర్చున్నా, ఇప్పుడు మూడున్నర. మా రాక్ బ్యాండ్ పాటకి వీడియో. ఆటోనగర్‌లో గోడౌన్ తీసుకుని ఒక్కరోజులో షూట్ చేశాం. ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ డావిన్చీ రిజాల్వ్‌లో పెడితే పల్లవి దాకా సింక్ చక్కగా ఉంది. రెండో చరణానికి వచ్చేసరికి మాట వినిపించాక పెదాలు కదులుతున్నాయి. శుక్రవారం రిలీజ్ అని అందరికీ చెప్పేశాం. బుర్ర పనిచేయడం లేదు, ఎవరైనా చెప్పండి.

ఫ్రేమ్‌_లెక్క:
ఫోన్‌తో తీశారా? ఫోన్లు ఫ్రేమ్ రేటు (సెకనుకి ఎన్ని ఫ్రేములు) మారుస్తూ రికార్డ్ చేస్తాయి. వీడియో మార్చే సాఫ్ట్‌వేర్ హ్యాండ్‌బ్రేక్‌లో కాన్‌స్టంట్ పెట్టి మార్చండి.

బెజవాడ_బేస్:
రెండు ఫోన్లు, ఒక కెమెరా. ఫోన్ క్లిప్పులు మూడు గంటలు కూర్చుని మార్చాను అన్నా. అదే తేడా. కెమెరా క్లిప్పుల్లోనూ అంతే.

లైట్‌మ్యాన్‌_కృష్ణానగర్:
గోడౌన్ అన్నారు కాబట్టి చెబుతున్నా. మన కరెంటు 50 హెర్ట్జ్. చోక్ ఉన్న ట్యూబ్‌లైటు సెకనుకి 100 సార్లు మిణుకుతుంది. షట్టర్ 1/60 సెకనులో పెడితే గోడ మీద నల్లచారలు పాకుతుంటాయి. 25 ఫ్రేములు, 1/50 పెట్టుకోవాలి. కొత్తగా కెమెరా పట్టినవాళ్లు ఫోన్ సెట్టింగుల్లో 30 వదిలేసి, తర్వాత ఎడిటర్ దగ్గర కూర్చుని బాధపడతారు. ఇది షూట్‌కి ముందే చూసుకోవాల్సిన పని.

బెజవాడ_బేస్:
చారలు లేవు సార్. పెదాల సంగతి చెప్పండి.

ఫ్రేమ్‌_లెక్క:
23.976 ఫుటేజ్‌ని 24గా చదివిస్తే నాలుగు నిమిషాలకి దాదాపు పావు సెకను తేడా వస్తుంది. మీది ఎంత?

బెజవాడ_బేస్:
పాట చివర రెండు సెకన్లు. మూడింట్లోనూ.

సౌండ్‌_సుబ్బు:
ముందు ఒక మాట. దీన్ని సింక్ పోవడం అనకూడదు. మొదటి నుంచి చివరి దాకా ఒకే తేడా ఉంటే అది ఆఫ్‌సెట్, బ్లూటూత్ స్పీకర్ వల్ల వచ్చేది అదే. పోనుపోను పెరిగితే డ్రిఫ్ట్. రెంటికీ మందు వేరు.

లైట్‌మ్యాన్‌_కృష్ణానగర్:
సెట్లో మేం ఇంకా ‘నాగ్రా’ అనే అరుస్తాం. షూట్‌లో పాట వేసే ఆ పాత టేప్ మిషన్లో ఎన్నిసార్లు వేసినా ఒకే స్పీడు. పేరు ఏదైతేనేం, ఫోన్లో పాట వేసి షూట్ చేస్తే ఇలాగే ఉంటుంది.

సౌండ్‌_సుబ్బు:
ఫోన్లో వేసినా స్పీడు రెండు సెకన్లు మారదండీ. బెజవాడ తమ్ముడూ, షూట్‌లో వేసిన ఫైలూ టైమ్‌లైన్‌లో పెట్టిన ఫైలూ ఒకటేనా?

బెజవాడ_బేస్:
పాట అదేనన్నా.

సౌండ్‌_సుబ్బు:
పాట కాదు, ఫైలు.

బెజవాడ_బేస్:
షూట్‌లో డెమో వేశాం. తర్వాత స్టూడియోలో డ్రమ్స్ మళ్లీ వాయించాం, మాస్టర్ (రిలీజ్‌కి ఫైనల్ చేసిన ఆడియో) మొన్న వచ్చింది. డెమో 4:11, ఇది 4:09. అయ్యో.

సౌండ్‌_సుబ్బు:
క్లిక్ (తాళం తప్పకుండా చెవిలో వినిపించే టిక్ టిక్) పెట్టుకుని వాయించారా?

బెజవాడ_బేస్:
లేదన్నా, ఫీల్ పోతుందని.

సౌండ్‌_సుబ్బు:
అయితే మొత్తానికి ఒకే స్పీడు మార్చినా కుదరదు, ఒక చరణం తొందరగా పోతుంది, ఇంకోటి నెమ్మదిస్తుంది. ముందు డెమో పెట్టి క్లిప్పులన్నీ దాని శబ్దపు గీతకి, అంటే వేవ్‌ఫామ్‌కి కలుపు. దాని కింద మాస్టర్ పెట్టు. డెమోలో, మాస్టర్‌లో ఒక్కో లైను ఎక్కడ మొదలవుతుందో మార్కర్లు వేసి, లైను లైనుకీ షాట్ కోసి జరుపు. క్లోజప్‌లో ప, బ, మ అక్షరాలు చూడు. అక్కడ పెదాలు పూర్తిగా మూసుకుంటాయి. ‘మ’ వినపడే ఫ్రేములో నోరు మూసి ఉంటే, మిగతా మాట అటూ ఇటూ అయినా కన్ను పట్టించుకోదు. వైడ్ షాట్లకి ఇంత కష్టం అక్కర్లేదు.

గిటార్‌_వరంగల్:
ఇదే సమస్య మాకూ వచ్చింది. చివరికి డెమోతోనే రిలీజ్ చేశాం.

ఫ్రేమ్‌_లెక్క:
మాస్టర్ రాకుండా షూట్ పెట్టుకోకూడదు.

బెజవాడ_బేస్:
మొదటి చరణం కూర్చుంది, ‘మ’ దగ్గర పట్టుకుంటే నిజంగానే సరిపోతోంది. థ్యాంక్స్ అన్నా. డ్రమ్స్ క్లోజప్ మాత్రం కుదరడం లేదు, కర్ర స్నేర్ మీద పడకముందే దెబ్బ వినిపిస్తోంది. మా డ్రమ్మర్ ఫిల్ (లైన్ల మధ్య వాయించే ముక్క) మొత్తం కొత్తగా వాయించాడు. దానికేం చేయాలి?

లైట్‌మ్యాన్‌_కృష్ణానగర్:
ఆ గోడౌన్ ట్యూబ్‌లైట్లు చోక్ వా, ఎల్ఈడీనా?