అప్‌డేట్: ఈసారి కోడిపిల్లలు నిలబడ్డాయి

సంక్రాంతికి ముందు అడిగాను కదా, వంద బ్రాయిలర్ పిల్లల్ని తెస్తే వారంలోనే ముప్పై ఎందుకు చచ్చిపోయాయని. మీరన్నట్టు చలే కారణం. కరెంటు పోయిన రాత్రి ఒకదానిమీద ఒకటి ఎక్కి నలిగిపోయాయి.

ఈసారి ఊక మందంగా పోసి, చుట్టూ అట్టలు కట్టి, బల్బులకు ఇన్వర్టర్ పెట్టాం. పిల్లలు బల్బు కిందే ముద్దగా చేరితే చలి, అట్టల దగ్గరికి పారిపోతే వేడి ఎక్కువ. అమ్మ రాత్రంతా లేచి అదే చూసేది. 7వ రోజు కొక్కెర తెగులు రాకుండా లసోటా టీకా, 14వ రోజు గంబోరో అనే జబ్బు రాకుండా టీకా చుక్కలు వేయించాం.

42 రోజులకు 96 మిగిలాయి, ఒక్కోటి దాదాపు రెండు కిలోలు. ఖర్చులో మేతకే సగానికి పైగా పోయింది. అయినా అప్పు తీరింది, ఆదివారాలు మా పిల్లల కంచంలో కోడికూర ఉంటోంది. మీ అందరికీ దండాలు.