దసరాకని బాబును డల్లాస్ తీసుకెళ్ళి తిరిగి పంపట్లేదు - ఇట్టాంటిది పడినోళ్ళు చెప్పండి

కావలి_అమ్మ
రిటర్న్ టికెట్ చూపించి మరీ తీసుకెళ్ళాడు మా ఆయన. సంక్రాంతి కూడా అయిపోయింది. "ఇక్కడే స్కూల్లో వేశా, కావాలంటే నువ్వే రా" అంటున్నాడు. బాబు అమెరికాలోనే పుట్టాడు, కానీ ఏడాదిన్నరగా కావలిలో నా దగ్గరే, ఒకటో తరగతి. స్టేషన్‌కి పోతే "తండ్రేగా తీసుకుపోయింది, కోర్టుకు పోమ్మా" అన్నారు. కేసు ఇక్కడ వెయ్యాలా, అక్కడా? వీడియో కాల్లో వాడు ఏడిస్తే చాలు, కట్ చేస్తున్నారు.

లాయర్‌పేట_పెద్దాయన
నేను రిటైరయ్యేదాకా కోర్టులోనే పనిచేశాను, నా మాట వినమ్మా. స్టేషన్లో చెప్పింది కరెక్టే. కోర్టు ఆర్డరేదీ లేనప్పుడు తండ్రి మీద కిడ్నాప్ సెక్షన్ నిలవదు. దేశం దాటించిన పిల్లల్ని వెనక్కి పంపించే 1980 హేగ్ ఒప్పందంలో ఇండియా లేదు. మన కోర్టు ఆర్డరు అమెరికాలో చిత్తు కాగితం. పెద్దమనుషుల్ని పెట్టి రాజీ చేసుకో.

కొండెపి_టు_డల్లాస్
చిత్తు కాగితం ఎట్టా అవుద్ది సార్? టెక్సాస్‌లో యూసీసీజేఈఏ అని చట్టం ఉంది. కస్టడీ విషయంలో పరాయి దేశాన్ని కూడా అమెరికాలో ఇంకో రాష్ట్రంలాగే చూస్తారు. కేసు వేసేముందు ఆరు నెలలు బిడ్డ ఎక్కడుంటే అదే హోం స్టేట్, కస్టడీ తేల్చే హక్కు అక్కడి కోర్టుదే. బిడ్డను తీసుకుపోయినా, తల్లి అక్కడే ఉంటే ఇంకో ఆరు నెలలు ఆ హక్కు పోదు. అక్కా, దసరాకి పోయాడంటే ఉగాది దాకానే టైము. ఈలోపే గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం కింద ఇక్కడ వెయ్యి. నోటీసు మాత్రం ఆయనకు పద్ధతిగా అందాలి. అందకుండా ఎక్స్‌పార్టీ ఆర్డరు తెచ్చుకుంటే అక్కడ పనికిరాదు.

లాయర్‌పేట_పెద్దాయన
సీపీసీ, అదే సివిల్ ప్రొసీజర్ కోడ్, 44ఏ చదివావా బాబూ? కోర్టు డిక్రీలు (తీర్పులు) చెల్లే దేశాల జాబితాలో అమెరికా లేనే లేదు.

కొండెపి_టు_డల్లాస్
44ఏ వాళ్ళ డిక్రీ మన దగ్గర అమలు చేసేదానికి. మన డిక్రీ అక్కడ చెల్లుద్దా లేదా అనేది వాళ్ళ చట్టం చెప్పాలి గానీ మన సీపీసీ కాదు.

లాయర్‌పేట_పెద్దాయన
నువ్వు లాయరువా?

కొండెపి_టు_డల్లాస్
కాదు, తండ్రిని. నా కూతుర్ని మా ఆవిడ ఒంగోలు తీసుకొచ్చేసింది. టెక్సాస్ ఆర్డరు చేతిలో పెట్టుకొని తిరుగుతున్నా. 2015లో సుప్రీంకోర్టు విదేశీ కోర్టు మాటకు విలువివ్వాలంది, సంతోషపడ్డాం. 2017లో ముగ్గురు జడ్జీల బెంచ్ అది కుదరదంది. బిడ్డ క్షేమమే ముందంట, విదేశీ ఆర్డరు పది విషయాల్లో ఒకటంట.

వీఆర్సీ_సెంటర్
ఆవిడ ఎందుకొచ్చేసిందో రాయలేదేం? నేనూ ఇద్దరు పిల్లలతో రాత్రికి రాత్రే వచ్చేసినదాన్నే. ఒంటి మీద దెబ్బలతో వచ్చా. ఆ హేగ్‌లో ఇండియా చేరితే మాలాంటోళ్ళని నిందితుల్లా వెనక్కి పంపిస్తారు. 2016లో దానికోసం ముసాయిదా బిల్లు వచ్చినప్పుడు ఆడవాళ్ళు గోల పెట్టింది అందుకే.

కొండెపి_టు_డల్లాస్
నేను చెయ్యెత్తలేదు. ప్రతి మొగుణ్ణీ ఒకే గాటన కట్టొద్దు మేడం. హేగ్‌లో బిడ్డకి ప్రమాదం ఉంటే పంపక్కర్లేదని 13వ ఆర్టికల్ ఉంది.

వీఆర్సీ_సెంటర్
తెలుసు. ఆ ప్రమాదాన్ని పరాయి ఊళ్ళో, లాయరు ఫీజుకి డబ్బుల్లేకుండా రుజువు చెయ్యాల్సింది ఎవరు?

బుచ్చి_తాత
మా మనవరాల్ని అల్లుడు కువైట్ తీసుకుపోయాడు. ఈ ఆరు నెలల లెక్క కువైట్‌కి కూడా వర్తిస్తుందా అబ్బయా?

కొండెపి_టు_డల్లాస్
@వీఆర్సీ_సెంటర్ అక్కడ లీగల్ ఎయిడ్ ఉంటుంది. వీడియో కాల్‌కి కూడా దిక్కులేని నాబోటోళ్ళకే ఏమీ లేదు.

అల్లూరు_టీచర్
మీ కొట్లాటకి వేరే థ్రెడ్ తెరుచుకోండయ్యా, ఆ తల్లి అడిగిందేంది! అమ్మా, "ఎప్పుడొస్తావు నాన్నా" అని మాత్రం అడగొద్దు, పసివాడు అడకత్తెరలో పడిపోతాడు. మనకి పొద్దున ఏడంటే వాళ్ళకి ముందురోజు రాత్రి ఏడున్నర, అదే టైం రోజూ పెట్టుకో. మా చెల్లెలు ఒకే తెలుగు కథల పుస్తకం రెండు కొని ఒకటి దూరంగా ఉన్న కూతురికి పోస్టులో పంపింది. ఇక్కడ ఈమె ఒక పేజీ, అక్కడ పిల్ల ఒక పేజీ చదివేది. ఏడుపు తగ్గింది, కాల్ కట్ చెయ్యడానికి వాళ్ళకీ సాకు దొరకలేదు. కట్ చేసిన కాల్స్ స్క్రీన్‌షాట్లు మాత్రం దాచిపెట్టు.

బుచ్చి_తాత
నా సంగతి ఎవరూ చూళ్ళేదు. ఆ పిల్లకి పాస్‌పోర్ట్ చేయించేటప్పుడు తల్లీతండ్రీ ఇద్దరి ఒప్పుదల ఫారం, అనెగ్జర్ డి మీద మా అమ్మాయే సంతకం పెట్టింది. రెన్యూవల్‌కి వస్తే అప్పుడు ఆపొచ్చా?

వీఆర్సీ_సెంటర్
తాతా, సంతకం పెట్టనని పాస్‌పోర్ట్ ఆఫీసుకి రాతపూర్వకంగా ఇప్పించండి. అయినా ఒకరి సంతకంతో అడిగేదానికి అనెగ్జర్ సి ఉంది, కాబట్టి కోర్టు ఆర్డరుంటేనే గట్టి.

కావలి_అమ్మ
టీచర్‌గారూ, పుస్తకాల షాపుకి ఇప్పుడే పోతున్నా. కొండెపి అన్నా, ఉగాది లోపల వేస్తా. బాబు కావలిలో ఉన్నాడనేదానికి బడి బోనఫైడ్ తీసుకుంటా. టీకాల కార్డు కూడా పనికొస్తుందా?

లాయర్‌పేట_పెద్దాయన
పనికొస్తుంది. ఫీజు రసీదులు, హాజరు వివరాలు కూడా అడుగు. అన్నిటి మీదా హెడ్‌మాస్టర్ సంతకం, స్టాంపు ఉండాలి. ఒరిజినల్స్ ఎవరి చేతికీ ఇవ్వొద్దు, లాయరుక్కూడా. ఆ టెక్సాస్ సంగతి మాత్రం నేను ఒప్పుకోను.