దోంగ్‌జీ రోజు చైనా ఇళ్లలో ఏం తింటారు? వెళ్లినవాళ్లు చెప్పండి

హార్బిన్_మెడికో:
దోంగ్‌జీకి, అంటే డిసెంబర్‌లో పగలు బాగా చిన్నదయ్యే రోజున, మా ప్రొఫెసర్ గారు ఇంటికి భోజనానికి రమ్మన్నారు. నేను మాంసం తినను, గుడ్డు వరకు పర్లేదు. పిలిచినవాళ్లను నొప్పించకుండా ఏం తినొచ్చు? కాస్త టెన్షన్‌గా ఉంది.

బీజింగ్_బాబాయ్:
హార్బిన్ ఉత్తరాది కాబట్టి జియావోజీలే. మైదాతో పల్చటి బిళ్లలు వత్తి, కూరు పెట్టి, అంచులు నొక్కి ఉడికిస్తారు. నీళ్లు పొంగినప్పుడల్లా గ్లాసుడు చన్నీళ్లు పోస్తారు, అలా మూడుసార్లు. అప్పుడే లోపల ఉడుకుతుంది, పైపొర చిట్లదు. కూరు ఎక్కువగా పంది మాంసం, క్యాబేజీ. మీకు జియుత్సాయి (వెల్లుల్లి వాసన వచ్చే, ఉల్లికాడల్లాంటి ఆకు), గుడ్డు కలిపినవి బాగుంటాయి. కానీ వాటిలో ఎండురొయ్యల పొట్టు వేసే అలవాటుంది, ముందే చెప్పండి. మీవి మొదటి వాయిలో ఉడికించమనండి, ఆ తర్వాత ఆ నీళ్లలోనే మాంసంవి పడతాయి.

ఆ రోజు ఇవి తినకపోతే చెవులు గడ్డకట్టి ఊడిపోతాయని అక్కడి పెద్దలు అంటారు. హాన్ రాజుల చివరి కాలపు వైద్యుడు జాంగ్ జోంగ్‌జింగ్, చలికి చెవులు పాడైన పేదలకు మటన్, మూలికలు చెవి ఆకారంలో పిండిలో చుట్టి పెట్టాడని కథ.

సింగపూర్_కోడలు:
ఇక్కడ తాంగ్‌యువాన్. జిగురు బియ్యప్పిండితో చేసే గులాబీ, తెలుపు ఉండలు, అల్లం పాకంలో వేస్తారు. చూడ్డానికి మన పాల ఉండ్రాళ్లే, కొరికితే మాత్రం సాగుతాయి. మా పక్కింటి ఆంటీ కొంచెం పిండిముద్దను ముందు ఉడికించి, మిగతా పిండిలో కలిపి పిసుకుతారు. అలా చేస్తే ఉండ పగలదు. ఇవి తింటే ఒక ఏడు వయసు పెరిగినట్టు లెక్కట. పాకంలో పాందాన్ ఆకు పడితే ఇల్లంతా ఘుమఘుమ!

షాంఘై_రవి:
దక్షిణమంతా తాంగ్‌యువానే అండి. నింగ్‌బో వాళ్లవైతే లోపల నల్ల నువ్వుల ముద్ద ఉంటుంది. ఒక్కసారిగా కొరక్కండి, నోరు కాలుతుంది. మెడికో గారూ, ఆ నువ్వుల ముద్దలో పంది కొవ్వు కలుపుతారు, జాగ్రత్త.

చెంగ్దూ_చెల్లి:
రవి గారూ, దక్షిణమంతా అనకండి. మా చెంగ్దూలో ఆ రోజు మటన్ సూప్ హోటళ్లన్నీ కిటకిటలాడతాయి. ఉత్తరాన షాన్‌డాంగ్‌లోని తెంగ్‌జౌ కూడా మటన్ సూప్‌కే పేరు. మీ షాంఘై పక్కనే ఉన్న సుజౌలో ముందురోజు రాత్రి ఆస్మాంథస్ పూలు వేసిన తియ్యటి బియ్యం సారా తాగుతారు. ఏడాదిలో ఆ కొద్దిరోజులే దొరుకుతుంది.

హాంకాంగ్_వాసి:
ఇక్కడ దోంగ్‌జీ కొత్త సంవత్సరం కన్నా పెద్దదంటారు. సాయంత్రం ఆఫీసులు తొందరగా ఖాళీ అవుతాయి. ఇంటిల్లిపాదీ కలిసి తినాల్సిందే, కోడి, చేప లేకుండా భోజనం ఉండదు.

హార్బిన్_మెడికో:
వెళ్లొచ్చాను, అందరికీ థ్యాంక్స్! ప్రొఫెసర్ గారి అమ్మగారు నా కోసం గుడ్డువి రొయ్యల పొట్టు లేకుండా చేసి, మొదటి వాయిలోనే తీశారు. బ్లాక్ వెనిగర్‌లో వెల్లుల్లి నూరి ఇచ్చారు. చివర్లో జియావోజీలు ఉడికిన నీళ్లు గిన్నెలో పోసి తాగమన్నారు, తిన్నది అరుగుతుందట. ఇప్పుడు తాంగ్‌యువాన్ మీద మనసు పడింది. సూపర్‌మార్కెట్‌లో ఫ్రోజెన్‌వి ఉన్నాయి. కొవ్వు ఉందో లేదో ఎలా తెలుస్తుంది?

షాంఘై_రవి:
'జూయౌ' ఉందా అని అడగండి, పంది కొవ్వు అదే. అనుమానంగా ఉంటే కూరు లేని చిన్న ఉండలు కొని, బెల్లం పాకం మీరే కాచుకోండి.