అప్‌డేట్: వేడెక్కితే ఆగిపోయే అంబాసిడర్ – లోపం ఇగ్నిషన్ స్విచ్‌లో

మా నాన్నగారి పాత పెట్రోల్ అంబాసిడర్ వేడెక్కితే ఆగిపోతోందని, కాయిల్ (స్పార్క్ ప్లగ్గులకు హై వోల్టేజీ తయారుచేసేది) దగ్గర ఒకసారి 12, మరోసారి 9 వోల్టులు చూపుతోందని అడిగాను. సాయం చేసిన అందరికీ ధన్యవాదాలు.

పాయింట్లు (కాయిల్ కరెంటును కలుపుతూ, తెంచుతూ ఉండే కాంటాక్టులు) మూసి ఉండగా తాళం తిప్పి, తీగ పొడవునా అంచెలంచెలుగా కొలవమన్న సలహానే దారి చూపింది. పాయింట్లు తెరిచి ఉంటే కరెంటు పారదు, నష్టం కనిపించదు. 12, 9 వోల్టుల తేడా అందుకే. అనంతపురం టవర్ క్లాక్ దగ్గరి ఎలక్ట్రీషియన్ కొలిస్తే, తాళం తిప్పే ఇగ్నిషన్ స్విచ్‌లోనే 2.8 వోల్టులు పోతున్నాయి. వెనక టెర్మినల్ నిండా పచ్చని చిలుము, తీగ తొడుగు కరిగి నల్లబడింది.

కొత్త కాయిల్, కండెన్సర్ (పాయింట్ల దగ్గర నిప్పురవ్వలను తగ్గించేది) వల్ల ఏమీ మారలేదు. ఎర్త్ పట్టీ (ఇంజిన్‌ను కారు బాడీకి కలిపే తీగ) మొదటినుంచీ బాగానే ఉంది. స్విచ్, తీగ మార్చాక కాయిల్‌కు 12 వోల్టులు అందుతున్నాయి. నిన్న మిట్టమధ్యాహ్నం తాడిపత్రి వెళ్లివచ్చాం, ఎక్కడా ఆగలేదు.