గాల్ బ్లాడర్ ఆపరేషన్లో క్లిప్పా, దారమా?

కందుకూరు_పిల్ల:
అందరికీ నమస్కారం. మా మేనమామకి రెండేళ్ల కిందట ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కెమెరా ఆపరేషన్ చేసి గాల్ బ్లాడర్ తీసేశారు. మనిషి బాగానే ఉన్నాడు. పోయిన నెల నడుం నొప్పని ఎక్స్‌రే తీయిస్తే కుడిపక్క నాలుగు తెల్లటి పిన్నులు కనిపించాయి, అచ్చం స్టాప్లర్ పిన్నుల్లా. మా ఊరి ఆరెంపీ ఫిల్మును కిటికీ వెలుతురుకి పట్టుకుని "డాక్టరు లోపల సామాను మర్చిపోయాడు" అనేశాడు. ఆ రోజు నుంచి ఇంట్లో ఒకటే రభస. ఇప్పుడు అమ్మకి అదే ఆపరేషన్, వచ్చే వారం. క్లిప్పులొద్దు, దారంతో కట్టమని అడగమంటాడు మామయ్య. అడగొచ్చా?

పీజీ_బక్కోడు:
మర్చిపోయినవి కాదండీ, పెట్టినవి. గాల్ బ్లాడర్‌ని కోసే ముందు రెండింటిని మూయాలి. పసరు వచ్చే గొట్టం సిస్టిక్ డక్ట్, రక్తం తెచ్చేది సిస్టిక్ ఆర్టరీ. మామూలుగా ఒక్కోదానికి లోపల మిగిలే వైపు రెండు క్లిప్పులు, తిత్తి వైపు ఒకటి వేసి మధ్యలో కోస్తాం. తిత్తి వైపువి దాంతోపాటే బయటికొస్తాయి. రెండూ రెండూ నాలుగు, మీ ఎక్స్‌రే లెక్క సరిపోయింది. టైటానియం గనక తుప్పు పట్టదు, రేపు ఎమ్మారై తీయాల్సి వచ్చినా ఇబ్బంది లేదు. దారం అడగనక్కర్లేదు.

రిటైర్డ్_కత్తి (ఒంగోలు):
తుప్పు పట్టదు సరే నాయనా, జారదా?
మా నాన్నకి టంగుటూరు దగ్గర పొగాకు బ్యారన్, అదే ఆకుని వేడికి కాల్చి ఆరబెట్టే కొట్టం, ఉండేది. పచ్చాకుని కర్రకి పురికొసతో కట్టేవాళ్లు. కట్టేటప్పుడు కాడ లావు, కాలేకొద్దీ సన్నబడుతుంది. ముడి బిగువు లేకపోతే ఆకు జారి కింద కాలే గొట్టం మీద పడేది. బ్యారన్లు తగలబడేది అలాగే. ముదిరిన ఇన్ఫెక్షన్‌లో డక్టూ అంతే. వాచి బొటనవేలంత ఉన్నదాన్ని క్లిప్పు నోరు పూర్తిగా పట్టదు. పట్టినా, నాలుగు రోజులకి వాపు తీస్తే లోపల వదులు. పసరు కారడం మొదలవుతుంది.
ముంబైలో సర్జన్ ఉద్వాడియా గారు 1990లో ఈ ఆపరేషన్ మన దేశానికి తెచ్చిన కొన్నేళ్లకి నేనూ నేర్చుకున్నా. అంతకుముందంతా పొట్ట కోసి సిల్కు దారంతో కట్టినవాణ్ణే. పిల్లల టాన్సిల్స్ కోసం రోడర్ అనే డాక్టరు వాడిన జారుడు ముడిని పొట్టలోకి తెచ్చింది జర్మనీలో కుర్ట్ జెమ్. 1980లో ల్యాప్రోస్కోపీతో, అంటే కెమెరా ఆపరేషన్‌తో, మొదటి అపెండిక్స్ తీసిందీ ఆయనే. ఆ ముడిని బయట వేసి, పుల్లతో లోపలికి నెట్టి బిగిస్తే డక్టు ఎంత లావున్నా పట్టు తప్పదు. ఖర్చు దారం ముక్క.

పీజీ_బక్కోడు:
సార్, వాచిన డక్టుకైతే మీ మాటే నా మాట. కానీ అందరికీ దారమేనంటే ఒప్పుకోను. ముందే ముడేసి వచ్చే రెడీమేడ్ దారం లూపు తెగిన కొస మీద నుంచే దిగుతుంది, అంటే ముందు కోయాలి. అపెండిక్స్ మొదలుకి హాయిగా సరిపోతుంది. ఆర్టరీని ముందు కోసి తర్వాత లూపు వేస్తానంటే కెమెరా నిండా ఎరుపే. కోయకుండా కట్టాలంటే దారం వెనకనుంచి తిప్పి బయటికి లాగి, ముడేసి మళ్లీ నెట్టాలి. మీ చేతికి అది నిమిషం పని, నాలాంటి వాడు ఆ లాగుళ్లలో రెండు మూడు మిల్లీమీటర్ల ఆర్టరీని తెంపేస్తాడు. క్లిప్పు ఎవరు నొక్కినా ఒకటే.

సిస్టరమ్మ_నెల్లూరు:
ఎవరు నొక్కినా ఒకటేనా? ఏందబ్బయ్యా అది. పద్దెనిమిదేళ్లుగా ఆపరేషన్ బల్ల పక్కన స్క్రబ్‌లో నిలబడేది నేను గదా, క్లిప్పు నొక్కే అప్లయర్ కడిగేదీ నేనే.
మళ్లీ మళ్లీ వాడే ఆ స్టీలు అప్లయర్ దవడలు ఏడాది తిరిగేసరికి అరుగుతాయి. రెండు కొసలూ ఎదురెదురుగా కలవాల్సింది, వెంట్రుకంత పక్కకి పోతాయి. అప్పుడు క్లిప్పు కాళ్లు కత్తెర మాదిరి ఒకదాని మీదొకటి ఎక్కుతాయి. కెమెరాలో పడినట్టే ఉంటది, మధ్యలో సందు. క్లిప్పు కొసలు ముందు కలవాలి, నడుం తర్వాత మూసుకోవాలి. అట్లయితేనే నాళం పక్కకి జారిపోకుండా లోపల చిక్కుతుంది. కేసు ముందు పాత గ్లౌజు వేలు మీద ఒక క్లిప్పు నొక్కి లైటు కింద చూస్తా. సందు కనిపిస్తే ఆ అప్లయర్ ట్రేలోకి రాదు. పాత చోట ఒకసారి "కొత్తది తెప్పించండి" అంటే "ఈ నెల గడవనీ" అన్నారు. ఆ సాయంత్రమే ఆర్టరీ మీద క్లిప్పు కదిలి పొట్ట తెరవాల్సి వచ్చింది. పేషెంటు బతికి బయటపడ్డాడు, నేను ఆ ఉద్యోగం మానేశా.
మీ ఇద్దరి దెబ్బలాటలో ఈ సంగతి యాడా రాలేదు.

మెషీన్_మాలోకం:
ఈ కాలంలో ఇంకా ముడులూ పిన్నులూ ఏంటండీ? నాళాన్ని వేడితో అతికించే మెషీన్లున్నాయి. హార్మోనిక్‌తో ఐదు మిల్లీమీటర్ల నాళం దాకా, బైపోలార్ సీలర్‌తో ఏడు దాకా అక్కడికక్కడే అతికిపోతుంది. లోపల లోహం ఉండదు, మామయ్య గొడవ తీరిపోతుంది.

బిల్లు_బాధితుడు:
మా నాన్న బిల్లులో ఆ మెషీన్‌కి తగిలించే హ్యాండ్‌పీస్ ఒక్కదానికే మిగతా సామానంతటి కంటే ఎక్కువ వేశారు. పైగా ఒక్కసారి వాడి పారేయాల్సినదట. ప్యాకెట్ చూపించమంటే ఎవరూ పలకలేదు. కొత్తదే వాడారో, పాతదాన్నే క్రిములు చావడానికి గ్యాస్ పెట్టి మళ్లీ వాడారో ఆ దేవుడికే తెలియాలి.

రిటైర్డ్_కత్తి:
ఆర్టరీకి సీలర్ బాగానే పనిచేస్తుంది, కాదనను. గొట్టం సంగతి వేరు. రక్తనాళం గోడలో ఉండే కొల్లాజెన్ కరిగి అతుక్కోవడం ఆ మెషీన్ కిటుకు. పసరు గొట్టాన్ని ఆ అతుకు మీద వదిలేసి ఇంటికెళ్లి నేను నిద్రపోలేను.
సిస్టరమ్మ చెప్పింది మాత్రం నాకు తగిలింది. జారిన క్లిప్పులన్నీ క్లిప్పు తప్పే అనుకున్నా ఇన్నాళ్లూ. అప్లయర్ తిప్పి చూసింది ఎప్పుడూ లేదు.

కావలి_కుర్రోడు:
ప్లాస్టిక్‌ది, తాళం పడే క్లిప్పు ఒకటుంది కదా. అది జారదంటున్నారు?

పీజీ_బక్కోడు:
హెమ్-ఓ-లాక్. లావు డక్టుకి బాగుంటుంది. తాళం కొస నాళం వెనక నుంచి బయటికి కనిపించాకే నొక్కాలి, అంటే వెనకంతా శుభ్రంగా విడదీయాలి. అలాగని సర్వరోగ నివారిణి కాదు. కిడ్నీ దాత ఆపరేషన్లో ధమనికి వాడొద్దని తయారీదారే 2006లో చెప్పాడు, అమెరికాలో మందులూ వైద్య పరికరాలూ చూసే ఎఫ్‌డీఏ 2011లో మళ్లీ హెచ్చరించింది. అక్కడి ఒత్తిడి వేరు, జారితే ప్రాణాలే పోతాయి. ఎక్స్‌రేలో కనపడదు గనక మామయ్యకి మాత్రం నచ్చుతుంది!

సిస్టరమ్మ_నెల్లూరు:
కందుకూరు పాపా, నువ్వు పోయి దారం కట్టు, క్లిప్పు వద్దు అని చెప్పబాకమ్మా. లోపల వాపుందో లేదో చూసేది ఆయన. ఏం వేశారో, ఎన్ని వేశారో డిశ్చార్జి కాగితంలో రాయించుకో. మామయ్య కాగితంలో అది రాసుంటే ఇంత రచ్చ ఉండేదే కాదు.

కందుకూరు_పిల్ల (తొమ్మిది రోజుల తర్వాత):
అమ్మకి అయిపోయింది. డక్టు వాచి ఉందట, దానికి దారం ముడి. ఆర్టరీకి రెండు టైటానియం క్లిప్పులు. డాక్టరు గారు ఏమీ అనుకోకుండా డిశ్చార్జి కాగితంలో అంతా రాశారు. మామయ్య పాత ఆస్పత్రికి వెళ్లి తన కేసు షీటు నకలు కూడా తెచ్చుకున్నాడు. అందులో నాలుగు క్లిప్పులనే ఉంది. ఇప్పుడు ఆ కాగితం, ఎక్స్‌రే చంకన పెట్టుకుని ఆరెంపీ ఇంటికి బయల్దేరాడు. అమ్మేమో ఇడ్లీలోకి కారప్పొడి వేసుకోవచ్చా అని అడుగుతోంది.