‘అవయవకం’ చివర ఉన్న ‘క’కు మూడో అర్థం ఏమిటి?

హనుమకొండ అనువాదకురాలు:
డిగ్రీలో మాకు సంస్కృతం చెప్పిన మాస్టారు ఒక మాట అంటుండేవారు. “పదం చివర క చేరిందంటే అది చిన్నదైనా కావాలి, బొమ్మైనా కావాలి, లేదా...” ఆ మూడోది ఎంత ఆలోచించినా గుర్తుకు రావడం లేదు. రెండు వారాలుగా బియ్యం ఏరుతున్నా అదే ధ్యాస, బస్సెక్కినా అదే ధ్యాస. అడుగుదామంటే మాస్టారు ఇప్పుడు లేరు.

రోగుల సమ్మతి పత్రం ఒకటి తెలుగు చేస్తున్నాను. పేగు లోపలి పొర నుంచి చిటికెడు ముక్క తీసి, అందులోని మూలకణాలతో ఆర్గనాయిడ్లు, అంటే అవయవాన్ని పోలిన బుల్లి కణాల ముద్దలు, పెంచి, వాటి మీద మందులు పరీక్షిస్తారు. మొదట ‘కృత్రిమ అవయవాలు’ అని రాశాను. పరకాలలో ఉండే మా పెద్దమ్మకు చదివి వినిపిస్తే, “అయితే నాకు కొత్త పేగు పెడతారా బిడ్డా?” అంది. వెంటనే ఆ మాట కొట్టేశాను. ఇప్పుడు ‘అవయవకం’ అనుకుంటున్నాను. ఆ ‘క’ ఇక్కడ నిలుస్తుందా?

మానేటి ఒడ్డు:
సంస్కృతం దాకా ఎందుకండీ, మనకు ‘పిల్ల’ లేదా? కాకతీయ కాలువ నీళ్లు మా పొలంలోకి వచ్చేది పిల్లకాలువ ద్వారానే. ఒక్క అంగలో దాటేయవచ్చు. అయినా అందులో పారేవి శ్రీరాంసాగర్ నీళ్లే. పిల్లపేగు, పిల్లమెదడు అనండి, ఊరందరికీ అర్థమవుతుంది. ‘చిన్న’ మాత్రం వాడకండి. చిన్నపేగు, చిన్నమెదడు ఒంట్లో ఇప్పటికే ఉన్నాయి.

రామప్ప ఇటుక:
పిల్లకాలువ బాగుంది గాని, పిల్లగుండె అంటే పసిపిల్లల గుండె అనుకుంటారు. ఇక ‘క’ సంగతి. మీ మాస్టారు చెప్పినవన్నీ పాణిని సంస్కృత వ్యాకరణం అష్టాధ్యాయి ఐదో అధ్యాయం మూడో పాదంలోవి. ‘అల్పే’, ‘హ్రస్వే’ చిన్నదానికి. ‘ఇవే ప్రతికృతౌ’ బొమ్మకు. అశ్వకమంటే గుర్రపు బొమ్మ. మూడోది ‘అనుకంపాయామ్’, సందేహమే లేదు. ‘పుత్రక’ అని పిలిచినప్పుడు ఆ పిలుపులో జాలి ఉంటుంది. అది ‘క’ తెచ్చిన జాలి.

పొణికి చెక్క:
బొమ్మ అనే అర్థం పలికే ప్రత్యయాన్ని నేను ఒప్పుకోను. మాది నిర్మల్. పొణికి చెక్కతో చేసి రంగులు వేసిన పండును బుట్టలో అసలు పండ్ల మధ్య పెడితే పోల్చుకోవడం కష్టం. కోస్తే రసం రాదు. మీరు చెప్పే ఆర్గనాయిడ్ దీనికి తలకిందులు. చూడటానికి పేగులా ఉండదు, చేసేది మాత్రం పేగు పనే. ప్రతికృతిలో పోలిక రూపానిది, ఇక్కడ పోలిక పనిది.

సూక్ష్మదర్శిని:
పొణికి చెక్క గారి మాట సగం ఒప్పుకుంటాను. రోజూ వీటితోనే నా పని. మేం వాడే జెల్ మంచులో ఉన్నంతసేపు నీళ్లలా ఉంటుంది, 37 డిగ్రీల వెచ్చదనం తగిలితే పేరుకుంటుంది. అందుకే కణాలు కలిపి, చేతులు చల్లబడుతున్నా పళ్లెం గుంటల్లో గబగబా ఒక్కో బొట్టు వేయాలి. కొద్ది రోజులకు బొట్టులో బుడగలు కనిపిస్తాయి. తర్వాత బుడగ గోడ అక్కడక్కడా బయటికి మొలకెత్తుతుంది. పేగు గోడలోని సన్నని గుంతల్లాంటివే ఆ మొలకలు. కాబట్టి రూపం పోలిక కూడా ఉంది, సూక్ష్మదర్శినిలో చూస్తేనే తెలుస్తుంది. నెదర్లాండ్స్‌లో హాన్స్ క్లెవర్స్ బృందం 2009లో ఎలుక పేగు నుంచి తీసిన ఒకే ఒక్క మూలకణంతో ఇదంతా పెంచి చూపించింది.

పని సంగతి వింటే ‘బొమ్మ’ అనడానికి మీకే మనసు రాదు. ఫోర్‌స్కోలిన్ అనే పదార్థం వేస్తే, ఆరోగ్యవంతుల కణాల నుంచి పెరిగిన బుడగలోకి ద్రవం చేరి, గంటలోపే ఉబ్బుతుంది. సిస్టిక్ ఫైబ్రోసిస్ అనే జన్యువ్యాధి ఉన్నవారి బుడగ సరిగా ఉబ్బదు. వారికి నప్పే మందు పడితే అదీ ఉబ్బుతుంది. ఏ మందు ఎవరికి పనిచేయవచ్చో మనిషికి ఇవ్వకముందే అంచనా వేయడానికి ఇదొక దారి. అయినా ఇది అవయవం కాదు. రక్తనాళాలు లేవు, నరాలు లేవు, కండరపు పొర లేదు. మీ పదంలో ఆ లోటు కూడా పలకాలి.

రామప్ప ఇటుక:
లోటు పలకాలంటే పాణిని దగ్గర అదీ ఉంది. ‘ఈషదసమాప్తౌ’ అని మొదలయ్యే సూత్రం. పూర్తి కావడానికి కాస్త తక్కువైనదానికి ‘కల్ప’ చేరుతుంది. విద్వత్కల్పుడంటే విద్వాంసుడికి ఒక మెట్టు కింద ఉన్నవాడు. ‘అవయవకల్పం’ అనండి. ఇంతకంటే కచ్చితమైన మాట దొరకదు. ‘అవయవాభాసం’ అని ఎవరైనా సూచిస్తే వినకండి. హేత్వాభాసంలో, అంటే హేతువులా కనిపించే తప్పుడు హేతువులో, లాగా అబద్ధమనే నింద మోస్తుంది.

హనుమకొండ అనువాదకురాలు:
అర్థం చక్కగా అతికింది, కాదనను. కానీ కల్పం అనగానే పెద్దమ్మకు కాయకల్ప చికిత్స గుర్తొస్తుంది. మళ్లీ “నాకేనా?” అంటుంది. చికిత్స వాసన ఏ మూలా తగలకూడదు.

మానేటి ఒడ్డు:
నాదొక సందేహం. పోతన ‘ఇంతింతై వటుడింతై’ అన్నట్టు ఇవి కూడా పెరిగి పెరిగి చివరకు అవయవాలే అవుతాయేమో. అప్పుడు ‘క’ ఎందుకు, ‘కల్ప’ ఎందుకు?

బమ్మెర బాటసారి:
అయ్యా, ‘వటుడింతయై’. ఆ ‘య’ను మింగేయకండి. శార్దూలం అది. మగణం ‘ఇంతింతై’, సగణం ‘వటుడిం’, ఆ తర్వాత జగణం ‘తయైమ’. ‘య’ తీసేస్తే లఘువు పోయి నడక కుంటుతుంది. ఛందస్సు ఒక్కటే కాదు, ‘ఇంతై’ అంటే అయిపోయిన కొలత. ‘ఇంతయై’ అన్నప్పుడు నోరు ఇంకాస్త తెరుచుకుంటుంది, పెరగడం వినిపిస్తుంది. బమ్మెరలో మా తాత ఈ పద్యం చదువుతూ అరచేతిని నేలకు జానెడు ఎత్తులో పట్టుకునేవాడు. ‘నభోవీథిపై నంతై’ దగ్గరికి వచ్చేసరికి చేయి తల దాటేది. ‘చంద్రునికంతయై’ దగ్గర, చూడండి, పోతన మళ్లీ ‘య’ తెచ్చాడు. ఆ తర్వాత ధ్రువుడు, మహర్లోకం, సత్యలోకం. చేయి చాలక తాత కళ్లు మూసుకునేవాడు.

సూక్ష్మదర్శిని:
మీ తాతగారి అరచేయి నా కళ్లకు కట్టింది. మానేటి ఒడ్డు గారూ, ఇవి ‘ఇంతింతై’ దగ్గరే ఆగిపోతాయి. వియన్నాలో మాడెలిన్ లాంకస్టర్, యూర్గెన్ నోబ్లిచ్ 2013లో ప్రకటించిన మెదడు ఆర్గనాయిడ్లు నెలల తరబడి బతికినా సుమారు 4 మిల్లీమీటర్లు దాటలేదు. రక్తనాళాలు లేవు కదా, పోషకాలు, ఆక్సిజన్ పైనుంచి ఇంకవలసిందే. పరిమాణం పెరిగితే నడిమి కణాలు ఆకలితో చనిపోతాయి.

బమ్మెర బాటసారి:
అయితే వటువు దగ్గరే నిలిచిపోయిన వామనుడన్నమాట. ఇప్పుడు నాకు రామప్ప ఇటుక గారి ‘అనుకంప’ నచ్చుతోంది.

పొణికి చెక్క:
నాకు నచ్చడం లేదు. ఆ సూత్రాలకు కాస్త ముందు ‘అజ్ఞాతే’ అని ఒకటి ఉంది. ఇది ఎవరి గుర్రమో తెలియనప్పుడు కూడా అశ్వకమే. మాస్టారు చెప్పిన మూడోది అదే అయి ఉంటుంది. చిన్నది, బొమ్మ, ఎవరిదో తెలియనిది. వాక్యం ఎంత బాగా నడిచిందో చూడండి.

రామప్ప ఇటుక:
‘అజ్ఞాతే’ పక్కనే ‘కుత్సితే’ కూడా ఉంది. నింద మాత్రం ఎందుకు కాకూడదు? వరసలో దగ్గరగా ఉన్నంత మాత్రాన అదే అనలేం. తరగతి గదిలో చెప్పే మాస్టారు ముందుగా ఎత్తుకునేది పుత్రకుడినే.

సూక్ష్మదర్శిని:
సూత్రాలు నాకు తెలియవు. మా గొట్టాల మీద రోగి పేరు ఉండదు, అంకెలే ఉంటాయి. ‘ఎవరిదో తెలియనిది’ అనగానే నాకు ఆ అరలు గుర్తొచ్చాయి.

హనుమకొండ అనువాదకురాలు:
నిన్న పరకాల వెళ్లి రెండో ప్రతి చదివాను. “మీ కణాలతో ప్రయోగశాలలో అవయవకం, అంటే నువ్వుగింజ కంటే చిన్నదైన పిల్లపేగు, పెంచుతారు. ఇది మందులు పరీక్షించడానికే, మీ ఒంట్లో పెట్టడానికి కాదు” అని రాశాను. పెద్దమ్మ తల ఊపింది. కాసేపాగి, “మరి పెరిగేది నా పేగేనా, వాళ్లదా?” అంది. పత్రంలో ఆ జవాబు నాలుగో పేజీలో ఉంది. దాన్ని మొదటి పేజీకి తెమ్మని అడగబోతున్నాను.

మాస్టారి దగ్గర చదివినవారు ఇక్కడ ఇంకెవరైనా ఉంటే, పాత నోటు పుస్తకాలు ఒకసారి తిరగేయండి. ‘లేదా’ తర్వాత మాట కావాలి.